మదర్‌బోర్డు మహోత్సవం

పిస్కాటవే తెలుగు సమైక్య సమితి అధ్యక్షులు శ్రీ శేషగిరి గారు, సమితి ఆఫీసులోని డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు కొత్త మదర్‌బోర్డు వేయించాలని చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. న్యూజెర్సీలో ఇంతటి సాహసానికి ఏ అధ్యక్షుడూ పూనుకోలేదని ప్రెస్ నోట్‌లో నేనే రాశాను. సమితి ప్రచార కార్యదర్శిని నేనే.

కంప్యూటర్ చచ్చి ఏడాది దాటింది. ఆదివారం ఎన్నిక. మాజీ అధ్యక్షురాలు నాగమల్లేశ్వరి గారు మళ్లీ పోటీకి దిగి, కంప్యూటర్‌ను లేపలేని మనిషి సంఘాన్ని ఏం లేపుతాడని ప్రతి పాట్‌లక్ విందులోనూ అడుగుతున్నారు. శనివారానికల్లా అది లేవకపోతే శేషగిరి గారు కుర్చీలోంచి లేవాల్సిందే.

సమితి నిండా కంప్యూటర్ ఇంజనీర్లే. అందరినీ అడిగాం. మాది సాఫ్ట్‌వేర్ అన్నారు. ఒకాయన తనది క్లౌడ్ అని, మదర్‌బోర్డును ఫొటోలో తప్ప చూడలేదని చెప్పారు. చివరికి కోశాధికారి ఫణి వీడియోలు చూసి నేర్చుకుని ముందుకొచ్చాడు.

బయట కొన్న బోర్డు పట్టలేదు. స్క్రూ రంధ్రాలు ఒకచోట, కరెంటు వైరు మరోచోట. బ్రాండెడ్ పెట్టె కాబట్టి ఆ కంపెనీ బోర్డు తప్ప ఇంకోటి ఒప్పుకోదని ఫణి వివరించాడు. శేషగిరి గారు ముగ్ధులయ్యారు. విధేయత అంటే ఇదని, కార్యవర్గం ఈ పెట్టెను చూసి నేర్చుకోవాలని అన్నారు.

కంపెనీ బోర్డు తెప్పించాం. పాతది ఊడదీస్తే దానికి నాలుగు గాట్లు. పక్క రేకులోంచి నాలుగు స్క్రూలు లోపలికి దిగి ఉన్నాయి. బయటివైపు ఆ స్క్రూలతో బిగించిన ఇత్తడి ఫలకం: ‘దాత: శ్రీమతి నాగమల్లేశ్వరి, అధ్యక్షురాలు’.

శేషగిరి గారి ఆనందానికి హద్దుల్లేవు. ‘సంఘం గుండెల్లో మేకులు’ అనే శీర్షికతో ఆ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టించారు. నాగమల్లేశ్వరి గారు జవాబుగా ఒక్క నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మంచి సంస్కారం.

శనివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. కంప్యూటర్ లేచింది. తెర వెలిగింది. పాత ఫలకం పీకేసి, పెట్టె పక్క రేకుకు కొత్త ఫలకం అంటించాం. కార్యవర్గం పేర్లన్నీ, అధ్యక్షుల వారి ఫొటో ఉండటంతో అది పెట్టె కంటే కాస్త పెద్దదైంది. ప్రసంగం మధ్యలో డబుల్ సైడ్ టేప్ ఊడి, శేషగిరి గారి ఫొటో సమోసాల ట్రేలో బోర్లా పడింది.

ఎవరూ నవ్వలేదు. నాగమల్లేశ్వరి గారే లేచి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్క్రూడ్రైవర్, ఒక స్క్రూల ప్యాకెట్ తీశారు. పాత రంధ్రాలు ఎలాగూ ఉన్నాయని గుర్తుచేశారు.

ఫణి అడ్డుపడ్డాడు. "సార్, ఆ రేకు వెనకాలే బోర్డు. పాతది పోయింది అందుకే కదా."

"అవి ఆవిడ హయాంలో స్క్రూలు, ఫణీ. ఇవి స్టెయిన్‌లెస్ స్టీల్."

"ఏ స్టీలైతే ఏంటి సార్, స్క్రూ స్క్రూయే కదా."

"అందుకే నువ్వు కోశాధికారి దగ్గరే ఆగిపోయావ్."

నాగమల్లేశ్వరి గారు పెద్దమనసుతో ఫలకం పట్టుకున్నారు. "గట్టిగా తిప్పండి అన్నయ్యా. మీ పేరు కదలకూడదు."

నాలుగో స్క్రూ బిగిసేసరికి తెర నల్లబడింది. కార్యక్రమం ముగిసిందనుకుని జనం చప్పట్లు కొట్టి భోజనాలకు వెళ్లారు. ఫలకం మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు.

ఆదివారం నాగమల్లేశ్వరి గారు భారీ మెజారిటీతో గెలిచారు. కంప్యూటర్‌కు కొత్త మదర్‌బోర్డు వేయించాలని ఆవిడ తీసుకున్న చారిత్రక నిర్ణయం గురించి ఆ సాయంత్రమే ప్రెస్ నోట్ రాశాను.

బోర్డు ఆర్డర్ పెట్టమంటారా అని ఫణి ఆవిడను అడిగాడు.

"బోర్డుకేం తొందర? ముందు ఫలకం చేయించు నాన్నా. స్క్రూలు నా దగ్గర ఇంకా ఉన్నాయి."