డెన్మార్కు కోటు

వెయ్యి తొమ్మిది వందల యాభై ఏడు ఏప్రిల్ నెలలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఉన్ని కోటు తొడుక్కుని ఆళ్లగడ్డ బజారులో ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచిన మొట్టమొదటి మానవుడిగా చెన్నకేశవులు చరిత్రకెక్కాడు. చరిత్ర అంటే ఇక్కడ బస్టాండు ఎదుటి టీ అంగడి అని గ్రహించాలి.

ఈ సాహసానికి మూలం ఒక కరపత్రం. వేసవి సెలవుల్లో నంద్యాలలోని ఒక బడిలో తొమ్మిది రోజులపాటు 'అంతర్జాతీయ వయోజన కళా వారసత్వ పౌరసత్వ శిబిరం' జరగబోతున్నది. ఈ పేరును ఒక్క గుక్కలో చదివినవాడు అప్పటికే సగం పట్టభద్రుడు. డెన్మార్కు నుంచి, సింహళం నుంచి పెద్దవాళ్లు వచ్చి, మన పెద్దవాళ్ల పక్కన చాపల మీద కూర్చుని, తెలిసింది చెప్పి తెలియనిది నేర్చుకుంటారు. చివరి రోజున అందరూ ఓట్లు వేసి ఎన్నుకున్న ఒక్కరు, ఇటువంటిదే మరొక శిబిరానికి మూడు వారాలపాటు డెన్మార్కు వెళతారు.

చెన్నకేశవులు ఆ చివరి మాట దగ్గర చదవడం ఆపి దర్జీ దగ్గరికి పోయాడు. శిబిరంలో చోటు దొరికిన మర్నాడే ఊరివాళ్లు ఆయనకు వీడ్కోలు సన్మానం కూడా జరిపించేశారు. బంతిపూల దండ వేశారు. "అన్నా, ఆడ మంచు ఎట్లుంటాదో చూసొచ్చి మాకు చెప్పాల" అని కోరారు. చెప్తానని ఆయన మాట ఇచ్చాడు. ఇక డెన్మార్కు పోకుండా ఆ బస్టాండులో కాలు మోపే ముఖం భూప్రపంచంలో ఆయనకు లేదు.

అప్పుడు కరపత్రంలోని కింది వరస కంటపడింది. 'ప్రతి అభ్యాసకుడూ తన చేతులతో చేసినదీ, తన ఇంటి కథ చెప్పేదీ అయిన వస్తువునొకదానిని తీసుకొని రావలెను.'

నలభై ఆరేళ్ల జీవితంలో చెన్నకేశవులు స్వహస్తాలతో తీర్చిదిద్దినవి రెండే. ఒకటి కుడి మీసం, రెండోది ఎడమ మీసం. వాటిని బల్లమీద పెట్టి చూపడానికి వీలులేదు గనుక, ఆయన భార్య కొయ్యపెట్టె తెరిచి, ఆమె కుట్టిన అతుకుల బొంతను బయటికి లాగాడు.

"ఏమయ్యా, బొంత యాడికి తీసుకపోతాండావు?" అంది వెనకనుంచి కమలాక్షమ్మ.

"నంద్యాలకు."

"ఈ ఎండల్లోనా? ఆడేమన్నా మంచు పడతాండాదా?"

"చలి జొరమొస్తే?"

"కోటుండాది కదా?"

"కోటు డెన్మార్కు జొరానికే. నంద్యాల జొరానికి బొంత."

ఇరవై మూడేళ్ల కాపురంలో కమలాక్షమ్మ భర్త అబద్ధాలను ఎన్నడూ పచ్చిగా ఉండగా పట్టుకోలేదు. వాటిని ఆరనిచ్చి, తీరిగ్గా మడిచిపెట్టుకోవడం ఆమె పద్ధతి. "సరే, పోయిరా. మడతల్లో వేపాకు ఏసినా, పారెయ్యొద్దు" అని మాత్రం అంది.

శిబిరంలో రెండో రోజుకు బొంత గోడకెక్కింది. మిస్ ఇంగ్రిడ్ అనే డెన్మార్కు పంతులమ్మ, ఆరడుగుల మనిషి, నంద్యాల ఎండకు ముఖం పండుమిరపకాయై, చేత పుస్తకంతో దాని ముందు నిలబడింది. బడి ఉపాధ్యాయిని లూదియా ఆమె మాటలను తెలుగు చేస్తున్నది.

"ఈ ఎర్రముక్క కథేందో చెప్పమంటాంది అన్నా."

చెన్నకేశవులు గొంతు సవరించుకున్నాడు. "ఇది మా ముత్తాత తలపాగా టీచరమ్మా. బనగానపల్లె నవాబు గారు మామిడితోటలో ఏనుగు దిగొచ్చి, తన తలమీది నుంచి తీసి మా ముత్తాత తలకు చుట్టినాడు."

"మరి ఈ నీలం ముక్క?"

"యుద్ధ పతాకం."

"ఏ యుద్ధం అన్నా?"

"శానా పాత యుద్ధం."

"ఎవరికీ ఎవరికీ?"

"మాకూ వాళ్లకూ."

ఇంగ్రిడ్ కలం పరుగులు తీసింది. సింహళ ప్రతినిధులు ముందుకు జరిగి పతాకానికి నమస్కరించారు. పాములపాడు రైతు కొండయ్య మాత్రం ఏనుగు దగ్గరే ఆగిపోయి ఆలోచిస్తున్నాడు.

"తలకాడ ఉండే ఈ తెల్లముక్క?" అంది లూదియా.

అప్పటికి చెన్నకేశవులు దగ్గర నవాబులు అయిపోయారు. "అదా? ఖాళీ కనపడితే ఏసినాం."

ఆ వినయానికి ఇంగ్రిడ్ మరింత ముగ్ధురాలైంది. ఇంతటి వారసత్వం ఇమిడిన చేతులు పనిచేస్తుండగా చూడాలన్నది. మర్నాడు సభ కూడింది. చెన్నకేశవులు సింహాసనమెక్కినట్టు చాపమీద కూర్చుని సూది అందుకున్నాడు. పావుగంటలో దారం ఎక్కలేదు గాని, వేలినుంచి నాలుగు రక్తపు బొట్లు దిగాయి.

"అన్నా, బెజ్జం ఆ కొసన కాదు, ఈ కొసన ఉంటాది" అన్నాడు కొండయ్య సానుభూతితో.

మహాపురుషులు ఇటువంటి వేళలోనే రాణిస్తారు. "మా ఇంటి పద్ధతి మీకు తెలీదు" అన్నాడు చెన్నకేశవులు లేచి నిలబడి. "బుద్ధి నాది, చేతులు నా భార్యవి. చేతులను పిలిపిస్తాండా."

'ఒంట్లో బాగలేదు, సూదీ దారం తీసుకొని బిరీన రా' అని ఆళ్లగడ్డ బస్సు డ్రైవరుతో కబురు వెళ్లింది. మర్నాటి మొదటి బస్సులో కమలాక్షమ్మ దిగింది. గేటు దగ్గరే భర్తను ఎగాదిగా చూసింది.

"బాగానే ఉండావే! సూదీ దారం తెమ్మంటే, ఎవరో నీ నోరు కుట్టాలంటాండారేమో అనుకొని పరిగెత్తుకొచ్చినా."

"మెల్లగా మాట్లాడు. నువ్వు కుట్టు చాలు, నోరు తెరవద్దు. నా డెన్మార్కు నీ చేతుల్లో ఉండాది."

"నాకెందుకు, కుడతా."

కుట్టింది. చీమల బారు నడిచినట్టు కుట్టు నడిచింది. చెన్నకేశవులు పక్కన నిలబడి, గాలిలో వేలు ఆడిస్తూ బుద్ధిని ప్రసాదిస్తున్నాడు. ఇంగ్రిడ్ పరవశించి ఏదో అంది.

"అక్కా" అంది లూదియా, "ఆ నవాబు గారి తలపాగాను ఒకసారి తాకొచ్చా అని అడుగుతాంది."

సూది ఆగింది. "ఏందీ? నవాబా? యాడ?"

"ఈ ఎర్రది."

కమలాక్షమ్మ భర్త వైపు చూసింది. భర్త కిటికీ వైపు చూశాడు. అబద్ధం బాగా ఆరింది; మడిచిపెట్టే వేళయింది.

"అది మా ఆయన నాటకంలో తొడిగిన పొట్టి లాగు, చల్లడం టీచరమ్మా. అహోబిలం తిరునాళ్లలో నరసింహస్వామి యేషం కట్టినాడు. స్తంభం పగలగొట్టుకొని రావాల. వెదురు దబ్బల స్తంభం, ఆడనే ఇరుక్కున్నాడు. పాపం హిరణ్యకశిపుడే కాళ్లు పట్టుకొని బయటికి ఈడ్చినాడు. అప్పుడు యెనకపక్క చినిగింది."

శిబిరం ఒక్కసారిగా ఘొల్లుమంది. లూదియా నవ్వుతూనే అనువదించింది. అంతర్జాతీయ పక్షం రెండు నిమిషాలు ఆలస్యంగా ఘొల్లుమంది.

"యుద్ధ పతాకమో వొదినా?" అని అరిచాడు కొండయ్య.

"చొక్కా అప్పా. ఎనుము తరిమితే గడ్డివామిలో దూరినాడు. ఎనుము మేతకొచ్చింది. ఈయన దానికే వొచ్చిందనుకొని పొద్దుగూకే దాకా ఆడనే ఉండాడు."

నవ్వులు అణగిన తర్వాత ఆమె తెల్లముక్క మీద చేయి వేసింది.

"ఇది మా అత్త అంకమ్మ చీర కొంగు. నాకు కుట్టు నేర్పింది ఆమే. పోయే ముందర, 'నా కొడుకు తలకాడ పడేట్టు కుట్టు' అనింది. ఎనిమిదేండ్లయింది. చలికాలంలో దానిమీద తల పెట్టకుంటే ఈయనకు నిద్ర రాదు. ఎందుకో ఈయనకే తెలీదు."

చెన్నకేశవులు కళ్లజోడు తీసి తుడుచుకుని, నంద్యాల దుమ్మును నిందించాడు. మిస్ ఇంగ్రిడ్ తన పుస్తకంలో నవాబు గారిని ఏనుగుతో సహా కొట్టివేసి, కొత్త పేజీ తిప్పింది.

ఆ పూటే కమలాక్షమ్మ పేరు శిబిరం పట్టీలోకి ఎక్కింది.

చివరి రోజు పౌరసత్వపు పాఠం. మొన్నటి ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె పెట్టి గుర్తు అంటించినట్టే, తెర వెనక రెండు కుండలు పెట్టారు. మిగిలినవారంతా పోటీ నుంచి తప్పుకున్నారు. చెన్నకేశవులు సింహం గుర్తు కోరుకున్నాడు. నరసింహస్వామితో ఆయనకు పాత లెక్క ఉంది. కమలాక్షమ్మ కుండమీద లూదియా సూది బొమ్మ గీసింది. అభ్యర్థి చెన్నకేశవులు ప్రజాస్వామ్యం గురించి గంటన్నర ఉపన్యసించాడు. అభ్యర్థిని కమలాక్షమ్మ అందరికీ మజ్జిగ పోసింది.

సూదికి ఇరవై మూడు. సింహానికి ఒకటి.

తోడుగా లూదియా కూడా వెళ్లేట్టు నిర్ణయమైంది. దంపతులు ఆళ్లగడ్డ బస్సు ఎక్కారు.

"ఆ ఒక్క ఓటు నాదే" అంది కమలాక్షమ్మ. "ఒట్టి కుండతో దిగితే ఊళ్లో నీకు నామోషీ కదా అని ఏసినా. మరి నీ ఓటు యాడికి పోయింది?"

చెన్నకేశవులు కిటికీలోంచి దున్నిన చేలను శ్రద్ధగా పరిశీలించాడు.

"సూది గుచ్చుకున్న వేలు కదా... దానంతటదే ఆ కుండలోకి పోయింది."

బస్టాండులో ఊరంతా దండతో నిలబడి ఉంది. ఆయన ముందు దిగి, అలవాటు కొద్దీ మెడ వంచాడు. మళ్లీ ఎత్తి, "దండ ఆమెకెయ్యండప్పా. పోయేది ఆమె. పంపించేది నేను" అన్నాడు. ఓడిన రాజులు ఇంతకంటే గంభీరంగా మాట్లాడిన దాఖలాలు లేవు.

మర్నాడు ఆయన లేచేసరికి ఇంటిముందరి పంచలో కత్తెర చప్పుడు. కోటు నేలమీద నిలువునా పరుచుకుని ఉంది. ఒక చెయ్యి అప్పటికే లేదు.

"ఏందే అది! నా కోటు!"

"డెన్మార్కులో చలంట. బొంతకు ఇంకో వరస కావాల."

"మూడుసార్లు కూడా తొడుక్కోలేదే!"

"నువ్వెట్లాగూ పోవడం లేదు కదా. కోటన్నా పోనీ."

చెన్నకేశవులు కూలబడి, అంతర్జాతీయ యాత్రకు సిద్ధమవుతున్న తన కోటును చూస్తూ ఉండిపోయాడు. ఒక భయం మెల్లగా పైకి వచ్చింది.

"కమలాక్షీ, ఆడ ఎవరన్నా ఈ ముక్క కథేందని అడిగితే ఏం చెప్తావు?"

కమలాక్షమ్మ దారం కొరికింది.

"నవాబు గారిదని చెప్తాలే."