మేనమామ ఫోటో సంరక్షణ సంగ్రామము

బస్సు హారన్ల శంఖారావములు దిక్కులను పిక్కటిల్లజేయ, ధాన్యపు లారీల ధూళి సూర్యుని ముఖమున విభూతి పూయ, కరెంటు ఉండియు లేనట్లుండు మధ్యాహ్న వేళ, రాజాం మహాపట్టణమున, ఛాయాచిత్ర సార్వభౌముడు, ఆల్బమ్ మార్తాండుడు, ఫోటో స్టూడియో జగన్నాధుడు ఘోర సంకటమున పడెను.

ఒకటే పెళ్లి, ఆడపెళ్లివారికొక కెమెరా, మగపెళ్లివారికొక కెమెరా. రెండును తమ ఫోటోలకు ఒకటి మొదలు అవే నంబర్లను పేర్లుగా పెట్టినవి. ఆడపెళ్లివారివి కంప్యూటరులో ఒక ఫోల్డరున చేరినవి. వారి కెమెరా కార్డు చెరిగి అప్పుడే వేరొక పెళ్లికి పోయినది. మేనకోడలిని గంపలో కూర్చుండబెట్టి, నడుము పట్టివేసినను దింపక పీటలదాక మోసిన మేనమామ నూకయ్య ఫోటో ఇక ఆ కంప్యూటరులోనే ఉన్నది. ఫ్రేము కట్టించుకొని గాని కదలనని ఆ నూకయ్యయే ఎదుట స్టూలుపై కూర్చున్నాడు.

మౌస్ ఉదయమే చచ్చెను. కొత్తది కొనుట జగన్నాధుని వంశాచారము కాదు. కనుక ఆజ్ఞలు టైపు చేయు నల్లతెరపై కీబోర్డే కోదండముగా, మగపెళ్లివారి ఫోటోలను అదే ఫోల్డరులోనికి కాపీ చేయుమనెను. తెర అడిగెను: ఈ పేరున ఒకటున్నది, చెరిపివేయనా?

అవుననబోయిన వేలు గాలిలో నిలిచెను.

"ఏటైనాది అల్లుడా?" అనెను నూకయ్య.

"నీ ఫోటో పేరే అవతలోళ్ల ఫోటోకీ ఉన్నాది మావా. అవునంటే నువ్వు పోతావు. నీ సోట్లో పెళ్లికొడుకు దోస్తు లడ్డూ తింటుంటాడు."

"గంప మోసినోడు పోయి, లడ్డూ తిన్నోడు గోడెక్కుతాడేటి?"

ఫోటోలు కత్తిరించుచున్న భార్య తాయారు తలెత్తలేదు. "మీ ఇంట్లో ఇద్దరు అప్పలసూరిలు. రెండోవోడు పుట్టేడని మొదటోణ్ణి పారేసినారేటి? పెదసూరి, సినసూరి అన్నారు. ఆ ముక్క దానికి సెప్పలేవా?"

అంతట జగన్నాధుడు, కూలిన ధైర్యము లేచి నిలువగా, పది వేళ్ల పదాతిదళముతో ఆజ్ఞల చిట్టాయగు బ్యాచ్ ఫైలు వ్రాయుచు ఎలుగెత్తి పలికెను: "ఓ నల్లతెరా, ఆలకింపుము! వచ్చువాని పేరు లోపల ముందే ఉన్నచో, వానికి ముందు 'సిన' తగిలించి కాపీ చేయుము. లేనిచో ఉన్న పేరుననే రానిమ్ము. ఎవ్వనిని చెరుపకుము!"

ఎంటర్ మ్రోగెను. అక్షర సేనలు తెరపై పైకెగసి ఆగినవి. ఫోల్డరులో లడ్డూవాడు 'సిన'యై ఒదిగెను. నూకయ్య చెక్కుచెదరక నిలిచెను, గంపతో సహా, కన్నులు రెండును గట్టిగా మూసుకొని.

జగన్నాధుడు తెరను నూకయ్య వైపు త్రిప్పెను. "కళ్లు మూసీసినావు మావా."

నూకయ్య తెరను తేరిపార చూచెను. "మూస్తే మూసినాను. గంప దింపినానేటి? ఫ్రేము కట్టు."

కావున, జనులారా, ఏ రాజ్యమును గెలువకున్నను, రాజాం నడిబొడ్డున కన్నులు మూసిన మేనమామ యొక్కడు చెరిగిపోక నిలిచెనని దిక్కులకు చాటుడు.