మధుకల్పన టవర్స్‌లో నాలుగు డయోడ్లు

డయోడ్ ఎంచుకోవడంలో మురారిని మించినవాడు విజయవాడలోనే లేడు కాబట్టి, తమ మీటింగుల్లో మాటలకి డయోడ్ బిగించే పనిని మధుకల్పన టవర్స్ సంఘం అతనికే అప్పగించింది. కరెంటుని ఒకవైపే పోనిచ్చే ఆ నల్లముక్క బియ్యపు గింజకి అన్నయ్యలా ఉంటుంది. హాలు గుమ్మానికి బిగిస్తే మాటల్నీ అలాగే పోనిస్తుంది. మునిసిపాలిటీ అనుమతి అక్కర్లేదు, సీలింగ్ ఫ్యాన్ల లెక్కలోకే వస్తుంది.

మొదటి ఆదివారమే మురారి దాన్ని తిరగేసి బిగించాడు. హాల్లో ఎవరి నోటా "వద్దు" తప్ప మరో మాట రాలేదు. లిఫ్టు రిపేరు వద్దన్నారు, టీ వద్దన్నారు. వేడి పకోడీల పళ్లెం చూసి ప్రెసిడెంటు కోగంటి రంగనాయకులు గారు "వద్దు, వద్దు" అంటూనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ఏంట్రా, వాసన చూసే డయోడ్ ఎటు తిప్పాలో చెబుతానన్నావ్?" అన్నారు బయటికొచ్చాక.

"జలుబు చేసిందండి."

"ఇంకోసారి జలుబు చేస్తే మేడమీద గది ఖాళీ చేద్దువుగాని."

ఆ గదిలోనే మురారి అద్దెకుంటూ పాత రేడియోలు బాగుచేస్తాడు. అది పోతే అతనికి ఊళ్లో చోటు లేదు. పరుగున వెళ్లి ముక్కని సరిగ్గా తిప్పాడు.

రెండో ఆదివారం "సరే" ఒక్కటే బయటికొచ్చింది. "వద్దు" గొంతులోనే ఆగిపోయింది. మొదటి అంతస్తు కామాక్షమ్మ గారు లేచి, చేప నోరు తెరిచినట్టు తెరిచి, మూసి, కూర్చున్నారు. రంగనాయకులు గారికి అదీ నచ్చలేదు.

"సగంసేపు సంతాపసభలా ఉందిరా. వాళ్ల నోళ్లు కూడా పనికొచ్చేట్టు చూడు. చవగ్గా."

మురారి స్పేర్ పార్టుల కొట్టుకెళ్లాడు. కొట్టు యజమాని జబ్బార్ భాయ్ సంగతంతా విని, తల ఎత్తకుండానే అడిగాడు.

"అడ్డొచ్చే మాట ఆగాలా, తిరగాలా?"

"తిరగాలి భాయ్."

"అయితే నాలుగు కావాలి. రెక్టిఫయర్ అంటారు. అటు మాటా ఇటు మాటా ఒకవైపే వస్తాయ్. విడిగా కొనుక్కుని అతుక్కో, చవక. ఇంతకీ గట్టిగా అరిచేవాళ్లున్నారా?"

"కామాక్షమ్మ గారున్నారు."

"ఆవిడ అరుపుకి ఒక ఆంపు కరెంటు తట్టుకునే ముక్క కాలిపోద్ది. మూడు ఆంపులవి తీస్కో. చవకంటే మరీ అంత చవక కాదబ్బాయ్."

మూడో ఆదివారం మధుకల్పన చరిత్రలో లేనంత సందడి. కామాక్షమ్మ గారు "అన్యాయం!" అని అరిస్తే "అద్భుతం!" అని వినిపించింది. గోడలకి వంకాయరంగు వెయ్యాలన్నారు ప్రెసిడెంటు గారు, అందరూ సరే. లిఫ్టు పైకి మాత్రమే వెళ్లాలన్నారు, సరే. మెట్లని పైనుంచి లెక్కపెట్టాలన్నారు, డబుల్ సరే. మురారి అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు.

అప్పుడు ఆఖరి అంశం వచ్చింది. మేడమీద గదిని ప్రెసిడెంటు గారి బామ్మర్ది జిమ్ముకి ఇవ్వాలి.

మురారి గభాల్న లేచాడు. "వద్దండి, అది నా గది!" అన్నాడు. "తీసుకోండి, అది మీ గది!" అని వినిపించింది. "ఇది మోసం!" అన్నాడు. "ఎంత సంతోషం!" అని వినిపించింది. ఆ పెద్దమనసుకి హాలంతా కరిగిపోయింది. శాలువా కప్పారు.

శాలువాతోనే గేటు దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. వాచ్‌మన్ పోలినాయుడు చూశాడు.

"హాల్లో ఆ ముక్కలెట్టింది నువ్వే కదా బాబూ?"

"నేనే నాయుడూ. అందరి నోళ్లూ తిప్పడానికి పెట్టా. ఆ అందర్లో నేనూ ఉన్నానని తట్టలేదు."

"పోన్లే. ఇక్కడ ముక్కా లేదు, గిక్కా లేదు. అదిగో పెసిడెంటుగారొస్తన్నారు. గట్టిగా చెప్పీ."

రంగనాయకులు గారు కారు తాళాలు తిప్పుకుంటూ వచ్చారు. "మురారీ, గది పొద్దున్నకి ఖాళీ చేస్తావుగా?"

మురారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"రాత్రికే చేసేస్తానండి," అన్నాడు.

"సామాన్లు నేను మోసేత్తానండి," అన్నాడు పోలినాయుడు, గేటు బార్లా తీస్తూ.