కట్ట మీద బూట్లు, కాలువలో మార్కండేయ

ఆ ఆదివారం మార్కండేయ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తెల్లవారగానే నిజామాబాద్‌లో సైకిలెక్కడం, బోధన్ రోడ్డు మీద ఎడపల్లి దాకా పోయి కాలువ కట్ట ఎక్కడం, నీళ్ల పక్కనే తొందర లేకుండా తొక్కుకుంటూ పోవడం, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం. వారమంతా బట్టల దుకాణంలో గద్దె మీద కూర్చుని చీరలు విప్పించి మళ్లీ మడత పెట్టించే మనిషికి ఆ ఒక్క పూటే తనది. కట్ట మీద ఎవరూ బేరమాడరు. ఒక పక్క కాలువ, ఒక పక్క చెరుకు, ఎదురుగా కొంగలు. స్వర్గం ఇంతకన్నా బాగుంటుందని ఎవరైనా చెబితే అతను నమ్మేవాడు కాదు.

నిజానికి ఆ సైకిల్ కొనిపెట్టింది అతని భార్య పుష్పలత. షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన రోజే కొన్నది. తాళంచెవి చేతిలో పెడుతూ షరతు కూడా పెట్టింది.

"తీపి ముట్టినవని తెల్సిందంటే సైకిల్ తుక్కు సామానోనికి ఏస్త. మల్ల నన్ను బతిలాడొద్దు."

పుష్పలత అన్నంత పనీ చేసే మనిషి. కిర్రుమంటున్నదని ఒక సోఫా, మొండికేసిందని ఒక స్కూటరు ఆ ఇంటి నుంచి అలాగే పోయాయి. పైగా మార్కండేయ ఎక్కడున్నాడో చూపించే మ్యాపు ఆమె ఫోన్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందులో అతనొక నీలం చుక్క. ఆ చుక్క ఏ మిఠాయి దుకాణం వైపు తిరిగినా వెంటనే ఫోన్ మోగుతుంది. అందుకని మార్కండేయ భయపడుతూనే తొక్కేవాడు, భయపడుతూనే తొక్కడం ఆపేవాడు.

చిక్కంతా రాధాబాయి గానుగ వల్ల వచ్చింది. కాలువ కట్టకు రెండు వరి మళ్ల అవతల, చెరుకు తోట వెనకాల ఆమె బెల్లం వండిస్తుంది. పొయ్యి మీద పాకం ముదిరే వేళకు గాలి ఇటు తిరిగితే, కట్ట మీద సైకిల్ ముందుకు కదలడం మానేస్తుంది. కొన్ని ఆదివారాలు ఓర్చుకున్నాడు. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాడు. సైకిల్‌ను కట్ట మీదే నిలబెట్టేవాడు. మళ్లలో బురద కాబట్టి బూట్లు విప్పి, ఇంట్లో అలవాటైన ప్రకారం పక్కపక్కన బుద్ధిగా పెట్టి, వాటి మీద ఫోన్ ఉంచేవాడు. చుక్క కాలువ గట్టున ఉండేది, మనిషి గానుగ దగ్గర ఉండేవాడు. ఇంటికి పోయాక అడిగితే కొంగలను చూస్తూ కూర్చున్నానని చెప్పేవాడు.

కాలువ పక్కన పుట్టి పెరిగిన వాళ్లకు నీళ్ల ఒడ్డున ఇలా సర్ది పెట్టిన బూట్లు, వాటి మీద ఫోన్ కనిపిస్తే ఏమనిపిస్తుందో అతనికి తట్టనే లేదు. చీరల వ్యాపారికి అది తట్టవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఆ రోజు అతను గానుగ దగ్గర కొంచెం ఎక్కువసేపే ఉండిపోయాడు. పాకం ఇంకా దిగలేదు, రాధాబాయి కూర్చోమన్నది. పొయ్యి వేడికి హెల్మెట్ తీసి గుంజకు తగిలించాడు. చెమట తుడుచుకొమ్మని ఆమె ఇచ్చిన తువ్వాలను తలకు చుట్టుకున్నాడు. మోదుగాకులో పోసిన వేడి బెల్లం ఊదుకుంటూ తిన్నాడు. పుష్పలత గుర్తొచ్చి గొంతుకు అడ్డం పడితే నీళ్లు తాగి, ఇంకొంచెం తిన్నాడు. లేస్తూ లేస్తూ ఒక గడ్డను జేబులో వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కట్ట మీద ఫోన్ మోగింది. పొలానికి పోతున్న రామ్‌దాస్ అనే రైతు ఆ చప్పుడు విని ఆగి, సైకిల్‌ను చూశాడు, బూట్లను చూశాడు, నిండుగా పారుతున్న కాలువను చూశాడు. ఫోన్ ఎత్తాడు. అవతలి నుంచి పుష్పలత మరో మాట లేకుండా, ఆగి ఏం తింటున్నావని అడిగింది. రామ్‌దాస్ మంచివాడు, కానీ చెడ్డ మాటను మెల్లగా చెప్పడం తెలియనివాడు.

"అమ్మా, బూట్లున్నయి, సైకిలున్నది. మనిషి లేడు."

అక్కడి నుంచి పనులు చకచకా జరిగిపోయాయి. రామ్‌దాస్ ఊళ్లోకి ఫోన్ చేశాడు. ఊరు కట్ట మీదికి వచ్చింది. సైకిల్ ఉంది కానీ నెత్తి టోపీ లేదని ఎవరో పసిగట్టారు. టోపీతో సహా దూకి ఉంటాడని, బరువుకు లోపలికే పోయి ఉంటాడని తేల్చారు. నీళ్లు తగ్గితే తప్ప వెతకలేమని తూముల దగ్గర నీళ్లు వదిలే, ఆపే లష్కర్‌కు కబురు పెట్టారు. అతను వచ్చి పైన షట్టర్ దించేశాడు. కాలువ మెల్లమెల్లగా కిందికి దిగడం మొదలైంది.

మార్కండేయ చెరుకులోంచి బయటికి వచ్చేసరికి తన సైకిల్ చుట్టూ జాతర కనిపించింది. మోకాళ్ల దాకా బురద, పైకి మడిచిన ప్యాంటు, తలకు తువ్వాల. ఏమైందని అడిగాడు. పట్నపాయన ఎవరో కాలువలో పడి కొట్టుకుపోయాడని రామ్‌దాస్ చెప్పాడు.

"నువ్వు రాధాబాయి గానుగ మనిషివేనా?"

అది నేనేనని చెప్పడానికి మార్కండేయ నోరు తెరిచాడు. అంతలో కాలువ చివర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపు నుంచి రామకోటేశ్వరరావు అనే రైతు మోటార్ సైకిల్ మీద వచ్చి దిగాడు. చేతిలో కర్ర ఉంది.

"ఇన్ని రోజులు ఎదురుచూస్తే ఇవాళ తెల్లారి మా నీళ్ల వంతు వచ్చిందండీ. నాట్లేసిన మడి నెర్రెలిచ్చింది, ఇప్పుడేమో వీడి కోసం నీళ్లాపేశారు. చచ్చినవాణ్ణి నేనేం అనను. కానీ బతికున్నాడని తెలిసిందా, ఆ పని నేనే పూర్తి చేస్తాను."

మార్కండేయ నోరు మూసుకున్నాడు. తర్వాత గానుగ మనిషినేనని ఒప్పుకున్నాడు. రామ్‌దాస్ అతని చేతికి ఒక వెదురుగడ ఇచ్చి, ఈ పక్క నువ్వు చూడమన్నాడు.

ఆ విధంగా మార్కండేయ కాలువలోకి దిగి, తనను తాను వెతకడం మొదలుపెట్టాడు. బతికి ఉన్నానంటే కర్ర. ఎక్కడికి పోయావని అడిగితే బెల్లం. బెల్లమంటే తుక్కు సామానోడు. సందు చూసి సైకిలెక్కి పారిపోదామంటే సైకిల్ చుట్టూ నలుగురు కాపలా కూర్చున్నారు. ఏమీ తోచక గడతో బురదలో పొడుస్తూ పోయాడు. మిగతావాళ్లకన్నా శ్రద్ధగా వెతుకుతున్నాడని పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

వెతుకుతూ జనం కారణాలు మొదలుపెట్టారు. ఫోనెత్తగానే భార్య ఏం తింటున్నావని అడిగిందట, తిండి కూడా తిననివ్వదేమో, ఎవరు మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటారని ఒకాయన నిట్టూర్చాడు. మంచోడు ఉండలేకనే పోయిండని రామ్‌దాస్ కళ్లు తుడుచుకున్నాడు. మార్కండేయకు అది నచ్చలేదు. తను పోయినందుకు కాదు, పుష్పలతను అన్నందుకు.

"ఆమె గట్లాంటిది కాదు. పానం బాగుండాలెనని అడిగిందేమో."

"నీకెట్ల తెలుసు?"

"మా ఇంట్ల గూడ గట్లనే అడుగుతరు" అని అతను తల వంచుకుని బురదలో పొడవసాగాడు.

ఇంతలో కారు వచ్చి ఆగింది. దిగింది పుష్పలత. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పక్కింటావిడ చెప్పు. తిట్టడానికి ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాటల్లో ఒక్కటీ రాలేదు. నేరుగా పోయి బూట్ల పక్కన కూలబడింది. వాటిని ఒడిలో పెట్టుకుంది. ఎవరో నీళ్లిస్తే తాగలేదు.

"చుక్క కదల్తదేమోనని తొవ్వపొంటి చూసుకుంటనే వచ్చిన" అన్నది ఎవరితోనో తనకే తెలియకుండా. "కదల్లేదు."

తర్వాత కాలువ వైపు తిరిగి చేతులు జోడించింది. సమ్మక్క తల్లీ, సారలమ్మ తల్లీ, నా మనిషిని నాకియ్యండి, ఆయన నిలువెత్తు బంగారం మీ గద్దెకు తెస్తానని మొక్కింది. ఆ తల్లుల దగ్గర బంగారమంటే బెల్లమే. మనిషిని కాంటా మీద కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం సమర్పించాలి.

కింద మార్కండేయకు కళ్లు మసకబారాయి. కర్ర గుర్తుకు రాలేదు, సైకిల్ గుర్తుకు రాలేదు. ఇంత మంది ముందు ఆమెను ఇలా ఏడిపించిన గాడిద తానేనని సిగ్గుతో చచ్చిపోయాడు. గడ పారేసి, తువ్వాల విప్పి, కట్ట మీదికి పాకాడు.

"పుష్పా, నేను ఈడనే ఉన్న."

పుష్పలత చూసింది. లేచి అతని రెండు భుజాలు పట్టుకుని, నిజంగా మనిషేనా అన్నట్టు ఊపింది. ఛాతీ మీద తల పెట్టి ఏడ్చింది. రామ్‌దాస్ కూడా ఏడ్చాడు. రామకోటేశ్వరరావు మాత్రం కర్ర తీసుకుని ముందుకొచ్చాడు. పుష్పలత కళ్లు తుడుచుకోకుండానే అడ్డం నిలబడింది.

"మొక్కుల ఉన్న మనిషి అన్నా. మొక్కు తీరేదాక ఆయన తల్లులోడు. కొట్టేదుంటే ఆ తర్వాత కొట్టు."

రామకోటేశ్వరరావు ఆలోచించాడు. దేవతలతో తగాదా పెట్టుకుని పొలానికి నీళ్లు తెచ్చుకోలేడు. కర్ర దించాడు. ఆగిపోయిన నీళ్లకు బదులు తమ ఊరి వంతు కొంత క్యాంపుకు వదులుతామని రామ్‌దాస్ మాటిచ్చాక అతని ముఖం ఇంకా తేరుకుంది. లష్కర్ పోయి షట్టర్ ఎత్తాడు. ఎక్కడికి పోయావని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మార్కండేయ లోలోపల తల్లులకు దండం పెట్టుకున్నాడు. బతికిపోయాననే అనుకున్నాడు.

పుష్పలతకు మొక్కు ఆలస్యం చేయడం ఇష్టం లేదు. మంచి బెల్లం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. తన కోపానికి తానే నొచ్చుకుంటున్న రామకోటేశ్వరరావు సాయం చేయడానికి ముందుకొచ్చాడు.

"దూరం పోనక్కర్లేదమ్మా. ఈ చెరుకు వెనకాలే రాధాబాయి గానుగ. కాంటా కూడా వాళ్ల దగ్గరే ఉంది. రండి, నేను చూపిస్తాను."

ఇవాళ వద్దని మార్కండేయ అన్నాడు. కాళ్లు లాగుతున్నాయన్నాడు. ఇంకా మంచి రోజు చూద్దామన్నాడు. ఊరంతా అతన్ని ముందు పెట్టుకుని గానుగకు నడిచింది.

రాధాబాయి పొయ్యి దగ్గర నుంచి చూసింది. మనిషి కనబడగానే అలవాటు ప్రకారం మోదుగాకు తీసి, వేడి పాకం పోసి, అతని చేతికి అందించింది. తర్వాత గుంజ మీదున్న హెల్మెట్ తెచ్చి రెండో చేతిలో పెట్టింది.

"గింత జల్ది మల్ల వస్తవనుకోలే అన్నా. వచ్చే ఐతారం దాక టోపీ ఎట్ల పంపాలెనో అని పరేషానైన."

పుష్పలత హెల్మెట్‌ను చూసింది, ఆకును చూసింది. దగ్గరికి వచ్చి అతని తడి జేబులో చెయ్యి పెట్టి, కరిగి అంటుకుపోయిన బెల్లం గడ్డను బయటికి తీసింది. కొంగలు ఇక్కడ తిరుగుతాయా అని అడిగింది. సైకిల్ పోయినట్టేనని మార్కండేయకు అర్థమైంది. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, దుకాణంలో గద్దె మీద కూర్చున్నట్టే కనిపించింది.

"కాంటా ఎక్కు" అన్నది పుష్పలత.

ఎక్కాడు. తొంభై మూడు కిలోలు. రాధాబాయి బెల్లం దిమ్మలు ఎత్తబోతే పుష్పలత చెయ్యి అడ్డం పెట్టింది.

"మొక్కు తీరుస్తనన్న. ఎప్పుడని అనలే. డెబ్బై కిలోలకు దిగినంక వచ్చి తీసుకుంట. అందాక ఐతారం ఒక్కటే కాదు, రోజు పొద్దున తొక్కుతడు. ఎనక నేను స్కూటీ మీద వస్త."

అదిప్పుడు రెండో నెల. కాలువ కట్ట మీద ముందు సైకిల్, వెనక హారన్. కొంగలు అటువైపు రావడం మానేశాయి. సైకిల్‌ను తుక్కు సామానోడికి వేస్తానన్న మాట పుష్పలత మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే తల్లుల గద్దెకు తన వంతుగా ఇంకో దిమ్మ బెల్లం ఇచ్చుకుంటానని మార్కండేయ మొక్కుకున్నాడు.