కారెక్కిన చెప్పులు

బీర్కూరు అవతలి తండాకు ఆ పొద్దున మొదటిసారి బస్సు రాబోతోంది. అది పరీక్ష బస్సు. పోయేటప్పుడే కాదు, మర్లి వచ్చేటప్పుడు కూడా నిండితేనే రోజూ నడుపుతామని బాన్సువాడ ఆఫీసరు తేల్చి చెప్పాడు. పొద్దున పట్నం పోయినవాళ్లు పొద్దున్నే ఎందుకు తిరిగొస్తారు? గౌరీబాయికి అదే ఫికరు. కోడలు ధర్మికి నెలలు నిండాయి. బస్సు లేకపోతే దవాఖానకు రాజన్న కిరాయి కారే దిక్కు. అది రాజన్నకు బుద్ధి పుడితేనే కదులుతుంది.

దుమ్ము లేపుకుంటూ బస్సు రానే వచ్చింది. ఎడ్లు నెమరు ఆపి లేచి నిలబడ్డాయి. తండా మొత్తం ఎక్కినా దాని కడుపులో ఇంకో పెళ్లివారికి చోటు మిగిలేలా ఉంది. గౌరీబాయి కొబ్బరికాయ కొట్టి, బస్సు నొసట కుంకుమ పెట్టి, చెప్పులు విడిచి ఎక్కింది. వెనకాల అందరూ విడిచారు.

"ఏందవ్వా గిది? చెప్పులేసుకొని ఎక్కుండ్రి!" అన్నాడు కండక్టరు హన్మాండ్లు.

"బొట్టు పెట్టిన తల్లి కడుపులకు చెప్పులతోని పోతరా తమ్మీ? నీవి సుత ఇడువు."

హన్మాండ్లు చెప్పులూ కుప్పలో చేరాయి.

బాన్సువాడలో దిగితే ఎండకు రోడ్డు పెనమైంది. అందరూ కోతుల్లా ఎగురుతుంటే వాళ్లలో భిక్యా అనేవాడు గుండె బాదుకున్నాడు.

"ఓరి దేవుడా! చెప్పులు కుక్కలు గుంజుకపోతయి!"

బస్సు మళ్లీ నిండింది.

ఈలోగా రాజన్న కిరాయి కోసం తండాకు వచ్చాడు. బయట మనుషులు లేరు, చెప్పుల గుట్ట ఉంది. 'పాపం, ఉత్తకాళ్ల పోయిండ్రు. తెచ్చిస్తే నా కారే నయమంటరు' అనుకుని, అన్నీ కారులో కూరుకుని, ధర్మికి కేకేసి చెప్పి, అడ్డదారిన బాన్సువాడకు ఉరికించాడు.

బస్సు తండా చేరేసరికి గుట్ట మాయం.

"రాజన్న బాన్సువాడకే తీస్కపోయిండు అత్తా," అంది ఇంటి దగ్గరే ఉన్న ధర్మి.

బస్సు మళ్లీ నిండింది. అది బాన్సువాడ చేరేలోపు, తండావాళ్లు వెనక్కి పోయారని విని రాజన్న తండాకు బయల్దేరాడు! పొద్దుగూకే దాకా ఇదే తంతు. ఆఖరికి నడిదారిలో కారుకు పెట్రోలు అయిపోయాకే చెప్పులు కాళ్లకు దొరికాయి.

బస్టాండులో ఆఫీసరు గుడ్లప్పగించాడు.

"గిన్నిసార్లు గింత మందికి ఏం పనే అవ్వా?"

"ఏం జెయ్యాలె సారూ, తిరగక తప్పుతలేదు," అంది గౌరీబాయి.

ఆయన ఒక్క బస్సు చాలదని రెండు వేయించాడు. వారం తిరక్కుండా ధర్మి ఆ బస్సులోనే దవాఖానకు పోయి, బిడ్డనెత్తుకుని అందులోనే ఇంటికొచ్చింది.

న్యాయం చెప్పాలంటే, ఆ రోజు రాజన్న కారూ నిండుగానే తిరిగింది. ఎక్కినవి కిరాయి ఇవ్వలేదు, అంతే.