భోజనంలోపు ఇరవై మందికి సలహా

విద్యార్థి సలహాదారుగా కొత్తగా నియమితులైన లెక్చరరు గారు ఆ ఉదయం ఒక పథకం వేసుకున్నారు. తన వంతుకొచ్చిన ఇరవై మందికీ ఈ ఏడు ఏ పేపర్లు తీసుకోవాలో భోజనంలోపు చెప్పేసి చేతులు దులుపుకోవాలి. ముందు రోజే ఒక్కో ఫైలు మీద ఒక్కో సలహా రాసి, టోకెన్ల వరసలో పేర్చుకున్నారు. ఖాళీ ఫారాల మీద సంతకాలు కూడా పెట్టేశారు. పేపర్ల పేర్లు పిల్లలే రాసుకుని అయిదింటిలోగా కౌంటర్లో ఇవ్వాలి. ఇక పిల్లలతో మాట్లాడటం ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా ఆయన వీలైనంత తగ్గించదలచుకున్నారు.

ఆఖరి టోకెన్ ఒక బేకరీలో పనిచేసే అమ్మాయిది. గణితం రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే యూనివర్సిటీ నుంచి పేరు కొట్టేస్తారు. పదింటి డ్యూటీకి టైమవుతోందని ముందున్నవాళ్ళని బతిమాలుకుని రెండో మనిషిగా లోపలికొచ్చింది. ఆయన రెండో ఫైలు తెరిచారు.

"తొంభై అయిదు శాతం! శభాష్. నీకు మామూలు గణితమేంటమ్మా? అన్నిటికన్నా కష్టమైంది తీసుకో."

"సార్, అది నా..."

"భయపడకు. నీ సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. తర్వాతివాళ్ళని పంపు."

అక్కణ్ణుంచి ప్రతివాళ్ళకీ తమ వెనకవాళ్ళ సలహా అందుతూ వచ్చింది. గణితంలో పతకం తెచ్చుకున్న పంతొమ్మిదో టోకెన్ కుర్రాడి ముందు ఆ అమ్మాయి ఫైలు తెరుచుకుంది.

"రెండుసార్లు తప్పావు. గణితం నీకు పడదు, వదిలెయ్."

"నేనెప్పుడూ తప్పలేదు సార్!"

"అందరూ అలాగే అంటారు."

పన్నెండింటికి పది నిమిషాలుందనగానే పని పూర్తయింది. ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా యంత్రాల విభాగం నుంచి ఫోనొచ్చింది.

"సంగీతం చదివే అమ్మాయొకతె వచ్చి బాయిలర్ల పేపరు కావాలంటోందండీ. మీరే పంపారట."

ఆయన గబగబా ఫైళ్ళు తిరగేశారు. వాటిమీద ఫొటోలు ఉంటాయని అప్పుడే గమనించారు. రెండో ఫైలు ఫొటోలో గుబురు మీసం ఉంది. ఆ ఫైలు సలహా అందుకున్న బేకరీ అమ్మాయి ఫొటో ఆఖరి ఫైలు మీద ఉంది. ఆ పిల్ల ఆ కష్టమైన గణితం తీసుకుంటే చదువు అక్కడితో సరి. హాస్టలు, క్యాంటీను, లైబ్రరీ అన్నీ గాలించి బేకరీకి పరిగెత్తారు. అక్కడ వరసలో నిలబడమన్నారు. నిలబడ్డాక, ఆ అమ్మాయి డ్యూటీ దిగి వెళ్ళిపోయిందన్నారు.

అయిదింటికి అయిదు నిమిషాలుందనగా కౌంటర్ దగ్గర దొరికింది. ముద్ర పడబోతుండగా ఆయన ఫారం లాక్కున్నారు. మామూలు గణితం, సాయంత్రం బ్యాచి అని రాసి ఉంది.

"ఇది నేను చెప్పింది కాదే!"

"కాదండీ. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి, సలహాలు తారుమారయ్యాయని వరండాలో అందరికీ తెలిసిపోయింది. మీ సంతకం ఎలాగూ ఉంది కదా అని, ఒకళ్ళనొకళ్ళం అడిగి తెలుసుకుని మేమే రాసుకున్నాం. ఎందుకు తప్పావని ఆ పతకం అబ్బాయి అడిగాడు. పదింటి గణితం క్లాసు టైముకి డ్యూటీ అండీ నాకు. సాయంత్రం బ్యాచి ఉంది కదా అన్నాడు."

"ఈ ముక్క నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు కదండీ."

ఆయనకు నిజంగానే సిగ్గేసింది. ఫారం తిరిగి ఇచ్చేశారు. ముద్ర పడింది.

ఆ సాయంత్రం పైవాళ్ళకు పంపే నివేదికలో, ఇరవై మందికీ సరైన సలహా అందిందని రాశారు. ఎవరిచ్చారో రాయడానికి అందులో గడి లేదు.