మా జెట్టీ బాగుపడాలంటే ప్రభుత్వం పడాలి

కెనడా పార్లమెంటులో ఏ పార్టీకీ మెజారిటీ రాకూడదు! వచ్చిందా, ఇక నాలుగేళ్ళ దాకా మా మొహం చూసేవాడుండడు. ఒట్టావాలో ప్రభుత్వం కూలిందంటే మీరు తల పట్టుకుంటారేమో, మా కేప్ బ్రెటన్ జాలర్లకు మాత్రం పండగే.

మా ఊళ్ళో పడవల జెట్టీ ఒకటుంది. అది కేంద్రానిది. చెక్కలన్నీ పుచ్చిపోయాయి. లాబ్‌స్టర్ల వేట మొదలయ్యేలోగా బాగుచేయకపోతే మూసేస్తామని ఇన్‌స్పెక్టర్ చెప్పి పోయాడు. మూసేస్తే మా పక్కింటి ఎఫీ మెకాస్కిల్ గతేం కాను? మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం ఆ ఒక్క పడవే.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం పడి ఎన్నికలొచ్చాయి. దేవుడున్నాడు!

నాలుగు పార్టీల అభ్యర్థులూ వరసగా దిగారు. బూట్లు కొత్తవి, వాగ్దానం పాతది. ఒకాయన ఫొటో కోసం జెట్టీ మీద హుందాగా నిలబడ్డాడు. ఫెళ్ళున చెక్క విరిగి తొడదాకా దిగబడ్డాడు.

"అయ్యయ్యో, సారీ బాబూ!" అంది ఎఫీ, ఆ చెక్క తనే విరిచినట్టు.

"నేనే సారీ అండీ, మీ జెట్టీ పాడుచేశాను," అన్నాడాయన కిందనుంచి. "గెలిపించండి, మొత్తం కొత్తది వేయిస్తాను!"

ఇంత మర్యాద ఇంకే దేశంలో ఉంది, చెప్పండి?

పైగా ఎఫీకి కాదనడం చేతకాదు. ఇంటి ముందు తన నవ్వు మొహమున్న పెద్ద ప్రచార బోర్డు పాతుకుంటానని ఆయనంటే సరేనంది. తర్వాత వచ్చిన ముగ్గురికీ సరేనంది. నాలుగు పార్టీలూ ఆమె వాకిట్లో భుజం భుజం కలిపి నిలబడ్డాయి. పార్లమెంటులో ఏనాడైనా నిలబడ్డాయా?

"ఇంతకీ ఓటు ఎవరికండీ?" అన్నాను.

"అలాంటివి అడుగుతారటయ్యా! ముందు వాళ్ళకి టీ పెట్టనీ."

ఫలితాలొచ్చాయి. మళ్ళీ ఎవరికీ మెజారిటీ లేదు. దిగబడినాయనే గెలిచి ఒట్టావా చెక్కేశాడు. బోర్డులు పీక్కెళ్ళడానికి గెలిచినవాడూ రాలేదు, ఓడినవాళ్ళూ రాలేదు. ఎఫీ కొన్నాళ్ళు మర్యాదగా ఎదురుచూసింది. ఆ తర్వాత సుత్తి తీసింది.

ఏం చెక్కలండీ అవి! ఆ బోర్డుల ప్లైవుడ్డూ, ఆ గుంజలూ జెట్టీకి కొలిచి చేసినట్టు సరిపోయాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చి, గట్టిగా గెంతి చూసి, ఈ సీజనుకి ఫర్వాలేదన్నాడు. ఎఫీ పడవ వేటకు వెళ్ళింది.

కాబట్టి నాయకుల్ని ఊరికే ఆడిపోసుకోకండి. మావాడు మాట నిలబెట్టుకున్నాడు. జెట్టీ మీద వెల్లకిలా పడుకుని, నవ్వు చెదరకుండా మా బరువు మోస్తున్నాడు.

కాకపోతే అవతలి చివర ఇంకో పెద్ద కంత మిగిలిపోయింది. పుణ్యముంటుంది, ఆ ప్రభుత్వాన్ని కాస్త తొందరగా పడగొట్టండి!